తాళంకప్ప లేని స్విచ్చి: చమురు ట్యాంకుల తనిఖీలో అసలు ఏం పరీక్షించాలి?

2005 డిసెంబరు 11, ఆదివారం. లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో తెల్లవారుజామున మూడు దాటిన కాసేపటికి 912వ నంబరు ట్యాంకు మట్టం చూపే గేజి ఒకే అంకె దగ్గర నిలిచిపోయింది. పైపులైను గుండా పెట్రోలు మాత్రం వస్తూనే ఉంది. కంట్రోలు గదిలో తెర మీది అంకె కదలడం లేదన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. గేజితో నిమిత్తం లేకుండా, ట్యాంకు నిండబోతున్నప్పుడు సరఫరాను తానే ఆపవలసిన మరో స్విచ్చి ట్యాంకు పైకప్పు మీద ఉంది. అదీ పలకలేదు. ఐదున్నర దాటాక పెట్రోలు పైనుంచి పొర్లడం మొదలైంది. రెండున్నర లక్షల లీటర్లకు పైగా ఒలికి, ఆవిరి మేఘంగా మారి, 6 గంటల 1 నిమిషానికి పేలింది. ఆదివారం వేకువ కావడంతో చుట్టుపక్కల కార్యాలయాలు ఖాళీగా ఉన్నాయి గనక ఎవరూ చనిపోలేదు. నలభై మందికి పైగా గాయపడ్డారు.

విచారణలో తేలిన విషయం ఈ వ్యాసానికి మూలం. ఆ స్విచ్చి చెడిపోలేదు. దాన్ని పరీక్షించడానికి ఒక చిన్న మీట ఉంటుంది. పరీక్ష అయ్యాక ఆ మీటను సరైన స్థానంలో నిలిపి తాళంకప్ప వేయాలి. తాళంకప్ప లేకపోతే మీట కిందికి జారిపోతుంది, అప్పుడు ట్యాంకు పొర్లుతున్నా స్విచ్చికి ఆ కబురు అందదు. ఆ తాళంకప్ప ఎవరూ మీటను ముట్టుకోకుండా పెట్టిన కాపలా అని అక్కడివారు అనుకున్నారు తప్ప, స్విచ్చి పనిచేయడానికే అది అవసరమని వారికి ఎవరూ చెప్పలేదు. స్విచ్చిని పరీక్షించే ఏర్పాటు ఉంది, పరీక్షించేవారు ఉన్నారు. పరీక్ష ముగిశాక స్విచ్చి ఏ స్థితిలో మిగిలిందన్నది మాత్రం ఎవరూ అడగని ప్రశ్నగా ఉండిపోయింది.

చమురు నిల్వచేసే చోట పరికరాలు రెండు రకాలుగా ఉంటాయి. పంపు ఆగిపోతే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు కేకవేస్తారు. లోడింగు బేలో గొట్టం కారితే ట్యాంకరు డ్రైవరే ముందు చూస్తాడు. రోజూ పని చేసే పరికరం తన జబ్బును తానే చెప్పుకుంటుంది. రెండో రకం పరికరాలు ఏళ్ల తరబడి పనిలేకుండా కూర్చుని ఒకే ఒక్క రోజున పని చేయవలసినవి: మట్టం మితిమీరినప్పుడు మోగే స్విచ్చి, అత్యవసరంగా మూయవలసిన వాల్వు, ఒలికిన చమురును ఆపడానికి ట్యాంకు చుట్టూ కట్టిన డైక్ గోడ, ఇసుకకు ఆనుకుని ఎవరి కంటా పడని అడుగు రేకు. ఇవి బతికే ఉన్నాయో చచ్చిపోయాయో పైకి చూస్తే తెలియదు. తనిఖీ, పరీక్ష అనే రెండు మాటలూ నిజానికి ఈ రెండో రకం కోసం పుట్టినవే. కానీ చాలా చోట్ల చెక్‌లిస్టుల్లో మొదటి రకమే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే నడుస్తూ చూసి టిక్కు పెట్టడానికి అదే సులువు.

అడుగు రేకు సంగతి కాస్త వివరంగా చూడాలి. బాటమ్ ప్లేటు అని పిలిచే ఈ రేకుకు రెండు వైపుల నుంచీ తుప్పు పడుతుంది. లోపలి వైపు, ముడిచమురుతో పాటు వచ్చిన నీరు అడుగున చేరి నిలుస్తుంది. ఆ నీటిలో పెరిగే బాక్టీరియా ఉక్కును గుంటలు గుంటలుగా తినేస్తుంది. పెట్రోలు బంకులో డిప్ రాడ్‌కు పేస్టు రాసి అది రంగు మారిందో లేదో చూడడం మనలో చాలామంది గమనించే ఉంటారు. అది అడుగున నీరుందో లేదో చెప్పే పరీక్షే, పెద్ద ట్యాంకుల్లోనూ సూత్రం ఇదే. బయటి వైపు, ట్యాంకు కూర్చున్న ఇసుకలో తేమ, ఉప్పు కలిసి రేకును కింద నుంచి తొలుస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఇసుకలో ఉప్పు శాతం మీద ప్రత్యేకంగా కన్నేయాలి.

దీనికి విరుగుడుగా కాథోడిక్ రక్షణ పెడతారు. అంటే నేలలో పాతిన ఆనోడ్లు అనే కడ్డీల నుంచి రేకు మీదికి సన్నటి విద్యుత్తును పంపి తుప్పు చర్యను అణచిపెడతారు. రేకు వోల్టేజిని రాగి, కాపర్ సల్ఫేటు ఎలక్ట్రోడుతో పోల్చి కొలిచినప్పుడు మైనస్ 850 మిల్లీవోల్టులు గానీ అంతకన్నా ఎక్కువ రుణాత్మకంగా గానీ ఉంటే రక్షణ అందుతున్నట్టు లెక్క. అయితే ఈ కొలతను సాధారణంగా ట్యాంకు అంచు చుట్టూ తిరిగి తీస్తారు. నడిమధ్యన ఏముందో అంచు చెప్పదు. పైగా ట్యాంకు ఖాళీ అయినప్పుడు రేకు అక్కడక్కడా ఇసుక నుంచి పైకి లేస్తుంది. రేకుకూ ఇసుకకూ మధ్య గాలి దూరిన చోటికి విద్యుత్తు చేరదు. రిజిస్టరులో మైనస్ 900 అని ఉన్నంత మాత్రాన మధ్యలో రేకు క్షేమంగా ఉందనుకోవడం పొరపాటు.

కాబట్టి ఏనాటికైనా ట్యాంకును ఖాళీ చేసి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి, విషవాయువులు లేవని నిర్ధారించుకుని, మనిషి లోపలికి దిగక తప్పదు. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఆ ట్యాంకు పనికిరాదు. వాయిదాలకు అసలు కారణం ఇదే. లోపల నేల మీద స్కానరును చక్రాల మీద తోస్తారు. దానిలోని బలమైన అయస్కాంతం రేకును ఇక పట్టనంతగా అయస్కాంత శక్తితో నింపేస్తుంది. రేకు పలచబడిన చోట అయస్కాంత రేఖలు బయటికి చిందుతాయి. ఆ చిందును సెన్సర్లు పట్టుకుంటాయి. అనుమానం వచ్చిన ప్రతిచోటా అల్ట్రాసానిక్ పరికరంతో మళ్లీ మందం కొలుస్తారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ట్యాంకు గోడ, అడుగు రేకు కలిసే మూలకు స్కానరు పూర్తిగా చేరదు, చమురును వేడిచేసే గొట్టాల (కాయిల్స్) కిందికీ చేరదు. ఒత్తిడి ఎక్కువగా పడే చోట్లలో ఆ మూల ముఖ్యమైనది. నివేదికలో ఎక్కడ లోపం దొరికిందో చదవడం కన్నా, ఎక్కడ స్కానరు పోలేదో, ఆ చోటును చేత్తో కొలిచారో లేదో అడగడమే మేలని నా అభిప్రాయం.

కొలిచిన అంకెలతో చేసే లెక్క పెద్ద కష్టమేమీ కాదు. కొత్తలో 6 మిల్లీమీటర్లున్న రేకు పన్నెండేళ్ల తరువాత అతి పలచనైన చోట 4.2 మిల్లీమీటర్లు తేలిందనుకుందాం. పన్నెండేళ్లలో 1.8, అంటే ఏడాదికి 0.15 మిల్లీమీటర్లు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి 653 ప్రమాణం ప్రకారం, రేకు కింద లీకును పట్టే అడ్డుపొర లేని మామూలు ట్యాంకులో, తరువాతి తనిఖీ రోజుకు కూడా కనీసం రెండున్నర మిల్లీమీటర్లు మిగిలి ఉండాలి. చేతిలో ఉన్నది 1.7, దాన్ని 0.15తో భాగిస్తే పదకొండేళ్ల చిల్లర. అంతలోగా ట్యాంకును మళ్లీ తెరవాలి. ఈ లెక్కలో సగటుకు చోటు లేదు. నూరు చోట్ల 5.8 ఉండి ఒక్కచోట 2 ఉంటే ఆ రేకు మందం 2 మాత్రమే, ఎందుకంటే చమురు కారేది ఆ ఒక్కచోటు నుంచే.

ఆ 653 ప్రమాణం 1991లో రావడానికి వెనక ఒక దుర్ఘటన ఉంది. 1988 జనవరి 2న, అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర ఫ్లోరెఫ్ అనే ఊళ్లో యాష్‌లాండ్ సంస్థకు చెందిన సుమారు 40 లక్షల గాలన్ల ట్యాంకు, డీజిలు నింపుతుండగా నిలువునా చీలిపోయింది. అది కొత్త ట్యాంకు కాదు. దాదాపు అర్ధ శతాబ్దం నాటి ట్యాంకును ఒహాయో నుంచి ముక్కలుగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కూర్చారు. వెల్డింగు అతుకు దగ్గర ఉక్కులో ఉన్న ఒక చిన్న లోపం నుంచి పగులు మొదలై, జనవరి చలికి పెళుసుబారిన ఆ పాత ఉక్కులో క్షణాల్లో పైదాకా పాకింది. ఒక్కసారిగా ఎగసిన డీజిలు కెరటం డైక్ గోడ మీదుగా దూకి, పక్క స్థలంలో మూత లేని వాననీటి కాలువలో పడి మొనాంగహేలా నదిలో కలిసింది. నదికి చేరింది దాదాపు ఏడున్నర లక్షల గాలన్లు. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా, ఒహాయో రాష్ట్రాల్లో సుమారు 10 లక్షల మంది తాగునీటికి ముప్పు వచ్చింది.

మళ్లీ కూర్చిన ఆ ట్యాంకును పూర్తిగా నీటితో నింపి పరీక్షించలేదు. నీటి పరీక్ష ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. డీజిలు నీటికన్నా తేలిక, దాని సాంద్రత నీటిలో 0.85 వంతుకు అటూఇటూ ఉంటుంది. అదే మట్టానికి నీరు నింపితే గోడ మీదా పునాది మీదా డీజిలు కన్నా ఎక్కువ బరువు పడుతుంది. విఫలమైతే ఒలికేది నీరే. అంటే కష్టమైన పరీక్షను తక్కువ నష్టంతో ముందే పెట్టడమన్నమాట. అయితే దీనిలోనూ తెలివి కావాలి. లోహం గడ్డకట్టే చలిలో ఉండగా ఈ పరీక్ష చేస్తే పరీక్షే పగులుకు కారణం కావచ్చు గనక, ఉక్కు ఉష్ణోగ్రత ఎంతకు తగ్గకూడదో ముందే నిర్ణయించుకోవాలి. మన వాతావరణంలో ఈ బెడద తక్కువ. మనకున్నది పునాది బెడద. నీరు నింపుతూ, ట్యాంకు చుట్టూ నిర్ణీత స్థలాల్లో లెవెల్ కొలుస్తూ, ఒకవైపు ఎక్కువగా కుంగుతోందా అని చూడాలి. కుంగడం అంతా సమంగా ఉంటే ట్యాంకు ఓర్చుకుంటుంది, ఒకవైపే కుంగితే అతుకులు ఓర్చుకోవు. రష్యాలోని నొరిల్స్క్‌లో 2020 మే 29న ఒక థర్మల్ విద్యుత్ కేంద్రపు ట్యాంకు అడుగు కుంగి సుమారు 21,000 టన్నుల డీజిలు అంబర్నయా నది వైపు పోయినప్పుడు తప్పు ట్యాంకు కింద ఉంది. దాన్ని మోసే స్తంభాలు, వాటి స్థితిని గమనించే పద్ధతి సరిగా లేవని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది.

వెల్డింగు అతుకుల పరీక్ష చూస్తే మన సైకిల్ షాపు గుర్తుకువస్తుంది. పంక్చరు వేసేవాడు ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తాడు. ట్యాంకు అడుగును ముంచలేం కాబట్టి అతుకు మీద సబ్బునీళ్లు పూసి, పైన అద్దం ఉన్న పెట్టెను బోర్లించి, అందులోని గాలిని లాగేస్తారు. రంధ్రం ఉంటే అద్దం కింద నురగ పొంగుతుంది. దాదాపు ఖర్చు లేని ఈ పరీక్ష సూదిమొనంత రంధ్రాన్నీ పట్టేస్తుంది.

మళ్లీ గేజి దగ్గరికి వద్దాం. బన్స్‌ఫీల్డ్ గేజి ఆ రోజే మొదటిసారి నిలిచిపోలేదు. అదే ఏడాది ఆగస్టు చివరి నుంచి పేలుడు దాకా 14 సార్లు అలాగే ఇరుక్కుంది. ఒక్కోసారి కాంట్రాక్టరును పిలిచారు, ఒక్కోసారి సూపర్‌వైజర్లే గేజిని పూర్తిగా పైకి లేపి మళ్లీ దించి కదిలించారు. కదిలింది కదా అని అంతటితో వదిలేశారు, ఎందుకు ఇరుక్కుంటోందో కనిపెట్టలేదు. ఒకే పరికరానికి మూడున్నర నెలల్లో పద్నాలుగు మరమ్మతులు పడితే ఆ లెక్కే ఒక తనిఖీ ఫలితం, చదివేవాడు ఉండాలి గానీ.

గేజి సరిగ్గా పనిచేస్తున్నా అది చెప్పేది తాను తాకిన చోటు గురించే. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన ఎల్జీ పాలిమర్స్ ఘటనలో కారింది చమురు కాదు, స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి. అయినా నిల్వ ట్యాంకు పాఠం ఒకటే. ఎం6 ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారని, మధ్యలో, పైన కొలిచే ఏర్పాటు లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పింది. అడుగున చల్లగా ఉన్నట్టు చూపిన అంకె తప్పుడు అంకె కాదు. పైన రగులుతున్నదాని గురించి దాన్ని అడగడమే తప్పు. కాబట్టి ఏ గేజిని పరీక్షించినా, అది సరైన అంకె చూపుతోందా అన్న ప్రశ్నకు ముందు, అది సరైన చోట ఉందా అన్న ప్రశ్న వేయాలి.

ట్యాంకు నుంచి చమురు బయటపడ్డాక మిగిలేది డైక్ గోడ. దాని లోపలి స్థలంలో అతిపెద్ద ట్యాంకు సరుకంతా పట్టాలి, వాన నీటికీ కొంత చోటు మిగలాలి. బన్స్‌ఫీల్డ్‌లో ఆ గోడలు కాంక్రీటువే. కానీ పలకల మధ్య కీళ్లు మంటకు తెరుచుకున్నాయి, సెంట్రింగు బిగించినప్పుడు మిగిలిన రంధ్రాల గుండా కూడా ఇంధనం, నురగ కలిసిన నీరు బయటికి పోయి భూగర్భజలాన్ని పాడుచేశాయి. గోడ ఎత్తు కొలిచిన తనిఖీలకు కీళ్ల నాణ్యత కనిపించదు. మన దగ్గర మట్టి కట్టలున్న చోట ఇంకో సమస్య ఉంది. నల్లరేగడి ఎండాకాలం బీటలు వారుతుంది. కట్ట మీద గడ్డి పచ్చగా ఉందని తృప్తిపడే ముందు, మే నెలలో ఒకసారి నడిచి చూడాలి.

డైక్ గోడకు ఉండే వాననీటి వాల్వు డిపో మొత్తంలో బహుశా అతి చవకైన పరికరం. వాన పడితే దాన్ని తెరిచి నీరు వదలాలి, తక్షణం మూయాలి. వానాకాలంలో రోజూ తెరిచి మూయడం విసుగు గనక తెరిచే ఉంచాలన్న ఆశ పుడుతుంది. అప్పుడు కోట్ల రూపాయల గోడ ఉన్నా లేనట్టే. అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన ఈ ఒక్క వాల్వు గురించి చాలా సూటిగా ఉంటుంది. వాల్వు మూసి సీలు వేసి ఉండాలి, నీటి మీద చమురు తెట్టు లేదని చూశాకే తెరవాలి, బాధ్యుడి పర్యవేక్షణలో వదిలి మళ్లీ సీలు వేయాలి, ప్రతిసారీ రాసిపెట్టాలి. వాన, చమురు కలిస్తే ఏమవుతుందో 2023 డిసెంబరులో చూశాం. బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను అంతకుముందు చెన్నైని ముంచెత్తినప్పుడు, మన కోస్తా జిల్లాల గుండా దక్షిణానికి సాగే బకింగ్‌హాం కాలువలో, ఎన్నూరు కాలువలో చమురు తెట్టు కట్టింది. మణలిలోని రిఫైనరీలో వాననీటి నిర్వహణ చాలనందువల్లే అది బయటపడిందని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. మత్స్యకారుల పడవలు, వలలు నల్లబడ్డాయి.

జైపూర్ ప్రమాదంలో లోపించినది మరో మౌన పరికరం. 2009 అక్టోబరు 29 సాయంత్రం సీతాపురా ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌లో పైపులైను కలుపుతుండగా పెట్రోలు చిమ్మింది. దూరం నుంచి వాల్వును మూసే ఏర్పాటు పనిచేసే స్థితిలో లేదు. ఆవిరి కమ్మేయడంతో దగ్గరికి వెళ్లగలిగే మనిషీ లేడు. గంటకు పైగా కారి, చివరికి పేలి 11 మంది చనిపోయారు. అత్యవసర వాల్వును పరీక్షించడమంటే బటన్ నొక్కినప్పుడు దీపం వెలిగిందా అని చూడడం కాదు. వాల్వు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి అది పూర్తిగా మూసుకుందా, ఎన్ని సెకన్లు పట్టింది అని లెక్కపెట్టడం.

చట్టాల మాట క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలో 1973లో వచ్చిన చమురు కాలుష్య నివారణ నిబంధన, నదీజలాలకు చమురు చేరే అవకాశమున్న చోట భూమి పైన మొత్తం 1,320 గాలన్లకు, అంటే ఇంచుమించు 5,000 లీటర్లకు మించి నిల్వ ఉంటే వర్తిస్తుంది. ట్యాంకులను క్రమం తప్పకుండా పరీక్షించమంటుంది గానీ ఎన్నేళ్లకు అన్నది తాను చెప్పదు, పరిశ్రమ ప్రమాణాలకు వదిలేస్తుంది. మన దేశంలో 1934 పెట్రోలియం చట్టం, 2002 పెట్రోలియం నియమాల కింద నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) లైసెన్సులు ఇస్తుంది. చమురు సంస్థలకు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు (ఓఐఎస్‌డీ) ప్రమాణాలు ఉన్నాయి, వాటిలో 129వది ప్రత్యేకంగా నిల్వ ట్యాంకుల తనిఖీ గురించినదే. నిబంధనల కొరత మనకు లేదు. గల్లంతయ్యేది నిబంధనకూ ట్యాంకుకూ మధ్య ఉన్న కాగితంలో. నెల మొత్తం ముప్పై గళ్లలో ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒకే కోణంలో టిక్కులున్న చెక్‌లిస్టును చూడని తనిఖీ అధికారి ఉండడు. అలాంటి కాగితం ఖాళీ కాగితం కన్నా హానికరం, ఎందుకంటే ఖాళీ కాగితమైతే కనీసం అనుమానం వస్తుంది.

మంచి రికార్డు ఎలా ఉంటుందో గోడ మందం కొలతల్లో కనిపిస్తుంది. అమెరికా నిబంధన తనిఖీ పత్రాలను మూడేళ్లు ఉంచితే చాలంటుంది. కానీ తుప్పు వేగం లెక్కకట్టాలంటే పదేళ్ల కిందటి అంకె కావాలి, అదీ సరిగ్గా అదే చోట కొలిచిన అంకె. జానెడు పక్కకు జరిగి కొలిస్తే ఉక్కు పదేళ్లలో మందం పెరిగినట్టు కూడా తేలవచ్చు. అలాంటి అంకెలు నివేదికల్లో నిజంగానే కనిపిస్తాయి, వాటి కింద సంతకాలూ ఉంటాయి. అందుకే బుద్ధిమంతులు కొలిచిన ప్రతి చోటా గోడ మీద పెయింటుతో చిన్న వలయం గీసి నంబరు వేస్తారు, ఆ నంబర్ల పటాన్ని ట్యాంకు ఉన్నన్నాళ్లూ దాస్తారు, మళ్లీ రంగు వేసే కాంట్రాక్టరుకు ఆ వలయాలను చెరపవద్దని పని ఒప్పందంలోనే రాస్తారు.